కడగడానికే

"నీళ్ళు తాగవా నువ్వు?" డాక్టరమ్మ రిపోర్టు బల్ల మీద పడేసింది.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పనిమనిషి తల వంచుకుంది. రెండు చేతులతో పొత్తికడుపు అదిమి పట్టుకుంది. ఇదే మూత్రం మంటతో రావడం ఇది రెండోసారి. ఈసారి చలిజ్వరం కూడా తోడైంది.

"కిడ్నీ దాకా పాకింది. బాగా నీళ్ళు తాగు, వచ్చినప్పుడల్లా వెళ్ళు అని పోయినసారి చెప్పానా లేదా?"

"చెప్పారమ్మా."

"మరి?"

పక్కన నిలబడ్డ తోడికోడలు అందుకుంది. "తాగితే వెళ్ళాలి కదమ్మా. వెళ్ళే చోటు లేకే తాగదు."

"ఊరుకో అక్కా."

"ఎందుకూరుకోవాలి? రాత్రంతా మూలిగింది నువ్వు, నిద్ర లేనిది నాకు!"

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఇంట్లో మరుగుదొడ్డి లేదా?"

"మా ఊళ్ళో అవి పెద్దవీధి దాకా వచ్చి ఆగిపోయాయమ్మా. మా వాడలో గుంతలు తవ్వి వదిలేశారు. వానొస్తే పిల్లలు వాటిల్లో పడకుండా కాపలా కాస్తున్నాం. ఇది చీకటితోనే తుప్పల్లోకి వెళ్ళొచ్చి పనికి బస్సెక్కుతుంది. మళ్ళీ చీకటి పడ్డాకే."

"మరి పనిచేసే ఇంట్లో?"

పనిమనిషి నవ్వినట్టే మొహం పెట్టింది. "మూడు బాత్రూములున్నాయమ్మా. అద్దాల్లా ఉంటాయి. నేనే కడుగుతాను."

"ఇంకేం మరి?"

"కడగడానికేనమ్మా."

డాక్టరమ్మకు వెంటనే అర్థం కాలేదు.

"చేరిన రోజే పెద్దమ్మగారు మీరేమిట్లు అని అడిగారు. మా కులం చెప్పాను. వద్దు పొమ్మనలేదు, ఆ మాట చెప్పుకోవాలి. నీ అవసరాలు మాత్రం బయట చూసుకో అన్నారు. బయటంటే బస్టాండే. పోయొచ్చేసరికి పని వెనకబడుతుంది, ఆవిడ గొణుగుతారు." గొంతు తగ్గించింది. "ఒకసారి ఆపుకోలేక లోపలే వెళ్ళాను. తెలిసిపోయింది. నాచేత మళ్ళీ కడిగించారు. అప్పటికీ మనసొప్పక, నడుం నొప్పితో మూలుగుతూ తనే వంగి ఇంకోసారి కడుక్కున్నారు."

"ఇంట్లో మంచీ చెడ్డా చెప్పేవాళ్ళెవరూ లేరా?"

"నేను పోయేసరికి అందరూ ఉద్యోగాలకు వెళ్ళిపోతారమ్మా, వాళ్ళు తిరిగొచ్చేసరికి నేను బస్సెక్కేస్తాను. వాళ్ళ బట్టలే గానీ మొహాలు ఎరగను."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. మందుల బల్ల దగ్గరున్న నర్సు వైపు తిరిగింది. "చూశావా సిస్టర్, ఎలాంటివాళ్ళున్నారో! కడిగే చెయ్యి కావాలి, ఆ చెయ్యిగల మనిషి మాత్రం అక్కర్లేదు." సొంత ఫోను చేతిలోకి తీసుకుంది. "ఆవిడ నంబరు చెప్పు. నేను మాట్లాడతాను."

పనిమనిషి చటుక్కున లేచింది. "వద్దమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. పని పోతుంది."

"పోతే ఇంకో ఇల్లు దొరుకుతుంది. కిడ్నీ పోతే ఎక్కడ తెస్తావు? అంతగా అయితే మా ఇంట్లో చేరు. మా ఇంట్లో ఇలాంటి పట్టింపులేం ఉండవు."

ఆ మాటతో తోడికోడలికి కొండంత ధైర్యం వచ్చింది. పనిమనిషి చేతిసంచీలోంచి ఫోను లాగింది. "ఇదిగోనమ్మా, పొద్దున రాలేదేమని ఒకటే ఫోన్లు. ఈ నంబరే." ఒక్కో అంకే కూడబలుక్కుంటూ పైకి చదివింది.

వినాల్సిన మాటలు వినబోతున్నానన్న సంబరంతో నర్సు దగ్గరకు జరిగింది. పనిమనిషి మళ్ళీ స్టూలు మీద కూలబడి కళ్ళు మూసుకుంది. ఆ ముసలావిణ్ణి ఎక్కణ్ణించి మొదలుపెట్టి కడిగెయ్యాలో మనసులో మాటలు పేర్చుకుంటూ, డాక్టరమ్మ చివరి అంకె నొక్కింది.

తెర మీద అంకెల పైన పేరు వచ్చింది: 'అత్తయ్య'.