అడుగు అంతస్తులో పెద్దకూతురు

ఓ చుంచెలుక కడుపులో పిల్ల పెరుగుతోంది. ఇంకా కళ్లయినా తెరవని ఆ పిల్ల తలలో ఓ తల్లికణం ఉండేది. అడుగునున్న నీటిమడుగులో కాళ్లు, పైకప్పుకు చేతులు ఆనించి, ఇంటి నడుమ నిట్రాడలా నిలబడేది. పుట్టిన బిడ్డలు ఆమె ఒంటిమీదుగానే పైకి పాకేవారు. వెనక పుట్టినవాళ్లు ముందు పుట్టినవాళ్లను దాటి పైన కాపురం పెట్టడం ఆ ఇంటి ఆచారం.

చెల్లెళ్లు దాటిపోతుంటే అడుగున ఉన్న పెద్దకూతురికి ఒళ్లు మండిపోయింది.

"ముందు పుట్టడమే నా తప్పా అమ్మా?"

"కబుర్లు మోసే నీ తీగ వెన్నుదాకా పోవాలే పిచ్చిదానా. వాళ్లవి ఇరుగుపొరుగు కబుర్లే."

పెద్దది మూతి తిప్పుకుంది.

ఆఖరి కాన్పుల్లో పుట్టినవాళ్లకు కబుర్లు పంపే తీగలే లేవు. అక్కలకు తిండి అందించడం, వాళ్ల తీగలకు తొడుగులు చుట్టడం వాళ్ల పని. తనకన్నా తక్కువవాళ్లు దొరికారని పెద్దదానికి ప్రాణం లేచొచ్చింది.

ఓ రోజు తిండి ఆలస్యమైంది.

"ఏమే పనిదానా, ఎక్కడ చచ్చావే?" అని కేకేసింది.

"వస్తున్నా తల్లీ, ఈ పని నాకు కొత్త," అంది తెలిసిన గొంతు.

పెద్దది తలెత్తి చూసింది. ఇంటి నడుమ నిట్రాడ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.