సదాప దొంగ

"దొంగ! దొంగ! పట్టుకోండి!"

ఇన్సాఫ్ పిండి చేతులతోనే సందులోకి పరిగెత్తింది. తీరా చూస్తే అరుస్తున్నది మన్నూబియా పిన్ని. ఆమె చేతికి చిక్కింది షెడ్లియా పిన్ని. పక్కపక్క ఇళ్ళలో కాపురాలు చేసి, కలిసి ముసలివాళ్ళయిన స్నేహితురాళ్ళు.

సందు మొదట్లో, సముద్రం ఒడ్డునున్న స్ఫాక్స్‌కు జనాన్ని ఎక్కించుకుపోయే కారు ఆగి ఉంది. భర్త పోయిన చెల్లెలికి తోడుగా ఉండిపోవడానికి షెడ్లియా ఇవాళే ఈ తస్తూర్ ఊరు వదిలి వెళ్తోంది. ఈ వయసులో ఆ ఇద్దరూ మళ్ళీ కలుస్తారో లేదోనని ఇన్సాఫ్‌కు పొద్దుటి నుంచీ గుబులుగా ఉంది. కౌగలించుకుని ఏడుస్తుంటే చూడలేనేమో అనుకుంది. కౌగిలింతల మాట దేవుడెరుగు, ఇక్కడ జుట్లు పట్టుకునేలా ఉన్నారు.

"ఏం పోయింది పిన్నీ?"

"ఇదిగో!" మన్నూబియా స్నేహితురాలి మణికట్టు పట్టి పైకెత్తింది. ఆ గుప్పిట్లో బూడిదరంగు చిట్టి ఆకుల సదాప కొమ్మ. ఘాటు వాసన సందంతా అలుముకుంది.

"సదాప కోసమా!" ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఎవరి పిల్లకు కడుపునొప్పి వచ్చినా, చెవిపోటు వచ్చినా అందరూ పోయేది మన్నూబియా వాకిట్లోని ఆ పొద దగ్గరికే. ఎవరడిగినా లేదనదు. షెడ్లియా మోకాళ్ళకైతే చలికాలమంతా తన చేత్తోనే సదాప నూనె రాసేది.

"నిన్న అడిగాను," షెడ్లియా అందరి వైపూ తిరిగింది. "అక్కడ నా మోకాళ్ళు ఎవరు చూస్తారే, ఒక్క కొమ్మ ఇవ్వవే అని బతిమాలాను. నా మొహం మీదే ఇవ్వనంది!"

"ఇవ్వనంటే కాజేస్తావా? తలుపు తీసి ఉంటే చాలు, దూరిపోవడమే! చూడండమ్మా, లేత చివర్లు వదిలేసి, అడుగున కట్టెబారిన కొమ్మే చూసి మరీ విరిచింది, మహా తెలివైంది! పట్టుకుపోయి ఏం చేస్తావే? రోజూ నీళ్ళు పోసి కుళ్ళబెడతావు. దానికి ఇసకమట్టి కావాలని, మట్టి ఎండితే తప్ప చుక్క నీరు చూపించకూడదని నీ బుర్రకు ఏనాడైనా ఎక్కిందా?"

"పిన్నీ, పోనీలే," అంది ఇన్సాఫ్. "ఇచ్చానని ఒక్క మాట అను. చాలు."

"అనను! నా నోట ఆ మాట రాదు!"

కారు డ్రైవరు సందులోకి తొంగి చూశాడు. "అమ్మా, లోపల జనం ఉడికిపోతున్నారు. ఒక్క రెమ్మకే పోలీసుల్ని పిలుస్తారా? పోనీ డిక్కీలో దాచెయ్యనా?"

ఎవరూ నవ్వలేదు.

"ఆకు మిట్టమధ్యాహ్నం ఎండలో కోస్తావు, చేతులు బొబ్బలెక్కితే నన్ను తిడతావు!" మన్నూబియా ఆగడం లేదు. "నూనెలో వేసి ఎండలో పెట్టే ఓపిక నీకెక్కడిది? పొయ్యి మీద మాడుస్తావు. మీ చెల్లెలి కోడలు కడుపుతో ఉందిగా, దానికింత కషాయం పోసి ఆ కడుపు కాస్తా పోగొడతావు!"

సందంతా నివ్వెరపోయింది. కడుపుతో ఉన్న పిల్లను, ప్రయాణం వేళ, ఇంత మాటా! షెడ్లియా మొహం పాలిపోయింది.

"నీ సదాపా వద్దు, నువ్వూ వద్దు," అంటూ కొమ్మను ఆమె కాళ్ళ మీదికి విసరబోయింది.

"పారెయ్, పారెయ్!" మన్నూబియా గొంతు ఎందుకో జీరపోయింది. "నలుగురూ చూశారని పారేసి మంచిదాన్ననిపించుకో! తీసుకుపోయే ధైర్యం నీకెక్కడిది?"

షెడ్లియా చెయ్యి గాల్లోనే ఆగింది. కొమ్మను రొమ్ముకు అదుముకుంది.

"తీసుకుపోతానే! నీ కళ్ళ ముందే తీసుకుపోతాను. చూసి ఏడువు! చచ్చినా నీ గడప తొక్కను. నేను చచ్చానని తెలిసినా నువ్వు రాకు!"

పైదుప్పటి లాక్కుని, కుంటుకుంటూ వెళ్ళి కారెక్కింది. వెనక్కి తిరగలేదు. కారు కదిలింది.

"గుండె కాదది, బండరాయి," అని ఒకామె తలుపు ధడాల్న వేసుకుంది. మిగతావాళ్ళూ తలో మాట విసిరి లోపలికి పోయారు. మన్నూబియా మాత్రం కారు పోయిన వైపే చూస్తూ నిలబడింది. ఇన్సాఫ్‌కు కోపం ఆగలేదు.

"పోయినేడు నేనడిగితే క్షణం ఆలోచించకుండా తవ్వి ఇచ్చావు. నిన్నగాక మొన్న వచ్చిన కోడలిని నేను. ఆవిడకు మాత్రం ఎందుకివ్వలేదు?"

"నీకిచ్చింది ఎలా ఉంది?"

"ఎక్కడిది? వారానికే ఎండిపోయింది."

"నీదీ ఎండిపోయింది, దానిదీ ఎండిపోయింది," మన్నూబియా ఒక్కొక్క తలుపే చూపించింది. "నా చేత్తో ఇచ్చిన ఒక్కటీ నిలవలేదు. ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు గానీ, మా పుట్టింటి కొండల్లో ఏ ఆడదాన్నడిగినా చెబుతుంది. ఇచ్చిన సదాప వేరు పట్టదే పిల్లా. దొంగిలించిందే బతుకుతుంది. సదాప లేకపోతే ఆ సముద్రపు తేమకు షెడ్లియా మోకాళ్ళు ఆగవు."

ఇన్సాఫ్ కూడా కారు పోయిన వైపు చూసింది.

"మరి ఈ సంగతి షెడ్లియా పిన్నికి ఎప్పుడు చెబుతావు?"

మన్నూబియా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇంకెక్కడి చెప్పడం పిల్లా! చెప్పిన క్షణం అది నేనిచ్చినదైపోదూ?"