షెడ్డులో సగం

స్కూటర్ మెకానిక్‌కి సొంత చెల్లెలి మీదే కడుపుమంట. షెడ్డులో సగం ఆమె పెట్టిన యాప్ కంపెనీ మింగేసింది. ఆ సగం సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమని తెగేసి చెప్పాడు.

మధ్యాహ్నం పెట్టుబడి పెట్టే పెద్దమనిషి వచ్చాడు. ఎదురొచ్చిన చెల్లెలిని దాటుకుని వెళ్లి, అన్న గ్రీజు చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మీ యాప్ అద్భుతం సార్! అసలీ ఆలోచన ఎలా వచ్చింది?"

"నాకు రాలేదండీ. మా చెల్లెలికొచ్చింది."

చెల్లెలు మొదట్నించీ విడమరచి చెప్పింది. ఆయన అంతా విని అన్నవైపు తిరిగాడు.

"అంతేనంటారా సార్?"

"నేను స్కూటర్లు బాగుచేస్తానండీ."

"ఈ అణకువే సార్ మాకు కావాల్సింది. మళ్లీ వస్తాం."

కారు వెళ్లిపోయింది. అన్న చేతులు తుడుచుకున్నాడు.

"అందరూ ఇంతేనా?"

"ఈయన నయం అన్నయ్యా. నిన్నటాయన నన్ను టీ తెమ్మన్నాడు."

"తెచ్చావా?"

"తెచ్చాను. పంచదార ఎక్కువైందన్నాడు."

చెల్లెలు కంప్యూటర్ వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. అన్న తన స్కూటర్లను ఒక్కొక్కటే బయటికి తోశాడు.

"ఏంటన్నయ్యా ఇది?"

"ఆ వైర్లు ఉండనీ. ఈసారి వచ్చేసరికి లోపల నేనుండను. నువ్వొక్కదానివే ఉంటే చచ్చినట్టు నీతోనే మాట్లాడతాడు."

అలా ఆ పూట మెకానిక్ పోగొట్టుకున్నది షెడ్డులో మిగిలిన సగం: పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు.