ఇరవై ఆరేళ్ల ముఖం

మద్దిలేటి మీసం తీయించుకున్నాడు.

ముప్పై ఏళ్లుగా దువ్వి పెంచుకున్న మీసం. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గరి మంగలి కత్తి పట్టుకుని రెండుసార్లు అడిగాడు.

"నిజంగా తీసేయాల్నా పెద్దాయనా?"

మద్దిలేటి తలూపాడు. జుట్టుకు నల్లరంగు కూడా వేయించుకున్నాడు. అద్దంలో చూసుకుంటే ఏమీ అనిపించలేదు. ఈమధ్య అతనికి ఏదీ అనిపించడం లేదు. ఆ వేషంతోనే తన పాత పద్మిని కారెక్కి వీరాచారి షెడ్డుకు పోయాడు.

వీరాచారి శిల్పి. దేవుళ్లనూ నాయకులనూ కాలం చేసిన పెద్దలనూ చెక్కి పంపుతుంటాడు. వారం కిందట మద్దిలేటి నంద్యాల నుంచి వచ్చి, రంగు వెలిసిన ఫోటో ఒకటి అతని చేతిలో పెట్టాడు. అందులో ఒక పడుచువాడు కొత్త పద్మిని కారుకు ఆనుకుని నవ్వుతున్నాడు.

"ఇట్లా బొమ్మ కావాల."

"ఎవరప్పా ఈ పిల్లోడు?"

"నేనే. ఇరవై ఆరేళ్లప్పుడు, ట్యాక్సీ కొన్న దినం."

"బతికుండంగానే బొమ్మేందప్పా? అరిష్టం గదా."

"ఈ ముఖం ఇంకా పాడుగాకముందే చెయ్యి. ఛాతీ దాకా చాలు."

వీరాచారికి లోపల నవ్వొచ్చింది. అరవై దగ్గరపడ్డ మనిషికి ఈ షోకేమిటి? అయినా వచ్చిన పనిని ఎవరు కాదంటారు? కాకపోతే ఫోటోలో ఎదురుముఖమే ఉంది. పక్క నుంచి ముక్కు ఎలా ఉంటుందో, చెవి ఎంత వెనక్కి ఉంటుందో తెలియాలి. వేరే ఫోటోలు లేవా అని అడిగాడు.

"ఫోటోలున్న సెల్లు నీళ్లల్లో పోయింది."

"మంచి సెల్లేనా?"

"మంచిదే."

అందుకే మీసం తీసేసి, జుట్టుకు రంగేసుకుని, ఆ కారుతోనే రమ్మన్నాడు వీరాచారి. మద్దిలేటి చెప్పింది చెప్పినట్టు చేశాడు.

ఆ కారంటే మద్దిలేటికి పిచ్చి. ట్యాక్సీ తోలడం మానేసి పదేళ్లయినా, ఆదివారం వస్తే బానెట్ ఎత్తాల్సిందే, చేతులు నల్లగా చేసుకోవాల్సిందే. ఇప్పుడు మాత్రం కారు నిండా దుమ్ము. ఆ దుమ్ముకే ఆనుకుని నిలబడ్డాడు. వీరాచారి చుట్టూ తిరిగి సెల్లుతో ఫోటోలు తీశాడు. ఆ తర్వాత ఒక ఫోటో మీద వేలితో ఏదో నొక్కాడు.

"చూడప్పా, ముడతలన్నీ ఎట్ల తీసేస్తాందో."

మద్దిలేటి సెల్లును రెండు చేతులతో అందుకున్నాడు. బుగ్గలు నిండాయి. కళ్ల కింద సంచులు పోయాయి. తెర ఆరిపోతే మళ్లీ వెలిగించుకుని చూశాడు. ఇన్నేళ్లకు తన ముఖం ఒక పనికి వచ్చిందనిపించింది. ఎవరికో దణ్ణం పెట్టాలనిపించింది గానీ, ఎవరికో తెలియలేదు.

"ఇదే" అన్నాడు. "ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు పెట్టు."

"నీకు లేదు గదా."

"పెట్టప్పా."

"సరే. చొక్కా కాలరు పొడుగ్గా పెడతా. ఆ కాలం ఫ్యాషన్ అదే."

"కాలరు వద్దు. టీషర్టు. మెడలో పాటలు వినే వైరు."

ఈసారి వీరాచారి నవ్వు ఆపుకోలేకపోయాడు. సాయంత్రానికల్లా పక్క షెడ్లన్నిటికీ ఆ కబురు పాకింది. ముసలాయన సినిమాల్లో చేరతాడేమో అన్నాడు టీ కొట్టతను. ఆ మాట మద్దిలేటి చెవిన పడింది. అతనికి కోపం కూడా రాలేదు. టీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

పోయే ముందు వీరాచారితో ఒక్క మాట అన్నాడు.

"ముందు మట్టితో చెయ్యి. మా ఇంటామె వచ్చి చూడాల. ఆమె ఊ అంటేనే రాయి ముట్టుకో."

"ఏం, ఆమెకు ఇష్టం లేదా?"

"తెలీదు. మాట్లాడ్డం లేదు."

మాట్లాడకపోక ఏం చేస్తుందిలే అనుకున్నాడు వీరాచారి. ఈ వయసులో మొగుడు మీసం తీసి బొమ్మ చేయించుకుంటానంటే ఏ ఆడదానికి మాత్రం ఒళ్లు మండదు?

"బాగా చెయ్యప్పా" అన్నాడు మద్దిలేటి. "ఆమె నోరు తెరవాల. తిట్టినా సరే."

పదిహేను రోజులకు మట్టిబొమ్మ సిద్ధమైందని ఫోను వచ్చింది. మద్దిలేటి తన భార్య ఓబులమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నంద్యాలలో బయలుదేరాడు. శిరివెళ్ల దాటినా ఆమె పెదవి కదపలేదు.

"వడగాలి కొడతాందా? అద్దం ఎత్తేదా?"

అతనే చెయ్యి చాచి అద్దం పైకి ఎత్తాడు.

షెడ్డు దగ్గర నలుగురైదుగురు శిల్పులు పని ఆపి కూడారు. ముసలిదంపతుల తగాదా చూడొచ్చని వాళ్ల సరదా. వీరాచారి తడిగుడ్డ తీశాడు. టీషర్టు, మెడలో వైరు, కనుబొమ్మ మీద గాటు. ఎవరో కిసుక్కుమన్నారు.

మద్దిలేటి బొమ్మ వైపు చూడలేదు. భార్య ముఖం వైపే చూస్తూ కారు దగ్గర నిలబడిపోయాడు.

ఓబులమ్మ మెల్లగా నడిచి బొమ్మ ముందుకు వచ్చింది.

"పచ్చి మట్టమ్మా, ముట్టుకోవాకు" అన్నాడు వీరాచారి.

రెండు నెలలుగా నోరు విప్పని ఓబులమ్మ ఆ మట్టిచెంప మీద చెయ్యి పెట్టి, "యాడికి పోయినావురా సురేషూ, మీ నాయన కాలవ పొడుగునా నిన్ను వెతికినాడు" అంది.