అధిక జ్యేష్ఠం ఎవరి వంతు?

“అంటే, అమ్మగారిని పంచుకున్నారా అండి?” అడిగింది మేధ, పెన్ను ఫారం మీద ఆనించి.

పాండురంగారావు నొచ్చుకున్నాడు. “పంచుకోవడానికి అమ్మేమన్నా పొలమా తల్లీ? వంతులు పెట్టుకున్నాం. పంపకాలైతే తన్నుకుంటారు, వంతులైతే వండిపెడతారు.”

ఊళ్లో ముసలివాళ్లు పెరుగుతున్నారు, పిల్లలు వాళ్లను ఎలా చూసుకుంటున్నారో పరిశోధన చేస్తున్నామంటూ ఆ అమ్మాయి తెనాలిలో ఇల్లిల్లూ తిరుగుతోంది. వీధిలో ఇద్దరు ముగ్గురు తలుపు తీయలేదు. పాండురంగారావు తలుపు తీయడమే కాదు, ఫ్యాను కూడా మూడులో పెట్టాడు. సర్వే అంటే సర్వం చెప్పేద్దామని కూర్చున్నాడు.

ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా టైమ్‌టేబుల్ ఆయన్ని వదల్లేదు. ఫ్రిజ్ తలుపు మీద పెద్ద చార్టు. చైత్రం తెనాలి, వైశాఖం బాపట్ల, జ్యేష్ఠం రేపల్లె, ఆషాఢం మళ్లీ తెనాలి. బాపట్లలో తమ్ముడు సుధీర్, రేపల్లెలో చెల్లెలు సాహితి. తల్లి శకుంతలకు ఎనభై రెండేళ్లు. ప్రతి నెలా పాడ్యమి నాడు సంచీ సర్దుకుని ఒక్కతే రైలెక్కుతుంది. దిగబెడతామన్నా, ఎదురొస్తామన్నా ఒప్పుకోదు. నిజాంపట్నం బళ్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన పంతులమ్మ. “నేనేమన్నా ఒకటో తరగతా, వేలు పట్టుకుని నడవడానికి” అంటుంది.

“పదిహేడేళ్లమ్మా,” అన్నాడు పాండురంగారావు. “రైళ్లు ఆలస్యమయ్యాయేమో గానీ మా అమ్మ వంతు ఒక్క రోజు తప్పలేదు. రాసుకో.”

మేధ రాసుకుంది. ఇలాంటి కుటుంబం ఇంతవరకూ తగల్లేదంది. చివరి రెండు ప్రశ్నలు మాత్రం పెద్దావిడే చెప్పాలని, ఫోన్లో అయినా సరేనని అంది.

ఆయన అమ్మకు ఫోను చేశాడు. నాలుగుసార్లు మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. జ్యేష్ఠం కదా, రేపల్లెలో ఉంటుందని చెల్లెలికి చేశాడు.

“అమ్మ ఇక్కడెందుకుంటుంది పెద్దన్నయ్యా?” అంది సాహితి. “ఇది అధిక జ్యేష్ఠం, లెక్కలోకి రాదు. నిజ జ్యేష్ఠం వచ్చాక నీ దగ్గరికొస్తా, అందాకా బాపట్లలోనే ఉంటానని తనే చెప్పిందిగా.”

పంచాంగంలో రెండు మూడేళ్లకో మాటు ఒక నెల రెండుసార్లొస్తుంది. మొదటిది అధికం, తర్వాతది నిజం. ఆ అధికంలో పెళ్లిళ్లు చేయరు, గృహప్రవేశాలు చేయరు. పాండురంగారావు చార్టులో దానికి గడి కూడా లేదు.

ఆయన తమ్ముణ్ణి కూడా లైన్లో కలిపాడు. సుధీర్ సంగతి విని, వైశాఖ అమావాస్య వెళ్లిన మర్నాడే అమ్మ రైలెక్కేసిందన్నాడు. అధికమైనా నిజమైనా జ్యేష్ఠం జ్యేష్ఠమే, రేపల్లె పోతున్నానని చెప్పిందట.

“అది జరిగి పద్దెనిమిది రోజులైందన్నయ్యా.”

పాండురంగారావుకి చెమట పట్టింది. ఫ్యాను మూడులోనే ఉంది.

నువ్వు అడగలేదేంటంటే నువ్వు అడగలేదేంటని అన్నదమ్ములు అరుచుకున్నారు. ఇద్దరూ కలిసి చెల్లెల్ని అడిగారు. సాహితి ఏడుపు గొంతుతో అసలు మాట బయటపెట్టింది. “చిన్నన్నయ్యని అడిగితే ఆ అధికం కాస్తా నా నెత్తినే పడుతుందేమోనని ఊరుకున్నా.”

సుధీరూ అందుకే చెల్లెలికి ఫోను చేయలేదు. పాండురంగారావైతే ఉగాది నాడే పంచాంగంలో అధిక మాసం చూశాడు. అది ఎవరి వంతని అడిగినవాడి వంతే అవుతుందని, చూసిన పంచాంగాన్ని చూసినట్టే మూశాడు.

“నిన్న కూడా అమ్మతో మాట్లాడాను,” అన్నాడు మేధతో, నేరం ఒప్పుకుంటున్నట్టు. “తిన్నావా అంటే తిన్నానంది. ఎక్కడ తిన్నావని అడగలేదు తల్లీ.”

మేధ ఫారం మడిచి పక్కన పెట్టింది. పోలీస్ స్టేషనుకు వెళ్దాం, స్కూటీ ఉందంది. ఆయన చొక్కా తొడుక్కుని పై గుండీ కింది కాజాలో పెడుతుండగా ఫోను మోగింది. అమ్మ.

ఆవిణ్ణి కూడా లైన్లో కలిపి స్పీకరు పెట్టాడు.

“ఏంట్రా, నాలుగుసార్లు చేశావు? ఫోను ఛార్జింగుకి పెట్టి దానమ్మతో రేవుకెళ్లా. పడవలొచ్చే వేళ కదా.”

దానమ్మ అంటే నిజాంపట్నం బళ్లో ఆయాగా చేసినావిడ. ఆ ఇంట్లో చేపలు ఎండేసే వాసనకు ఈ ఇంటివాళ్లెవరూ అక్కడ నిలవలేరు. అమ్మ పద్దెనిమిది రోజులుగా అక్కడుంది.

ముగ్గురూ ఒక్కసారే మొదలెట్టారు. ఇప్పుడే బస్సెక్కుతున్నానంది సాహితి. కారు వేసుకొస్తున్నానన్నాడు సుధీర్. మిగిలిన అధికం తన వంతేనని, కాదంటే ఊరుకోనని పెద్దవాడు. ఇందాక ఎవరికీ అక్కర్లేని నెల కోసం ఇప్పుడు ముగ్గురూ పోట్లాట.

సందు చూసుకుని మేధ తన ప్రశ్న అడిగేసింది. “అమ్మగారూ, అక్కడ మీ బాగోగులు ఎవరు చూస్తున్నారండి?”

“ఎవరూ చూడరమ్మా. అదే ఇక్కడ బాగు.”

పాండురంగారావు ఫోను మీదికి వంగాడు. “అలా అనకమ్మా. పదిహేడేళ్లలో ఒక్కసారి పొరపాటైంది. ఒక్కసారికి మమ్మల్ని క్షమించు.”

అవతల పడవ మోటారు చప్పుడు, దాని మీదుగా ముసలావిడ నవ్వు వినిపించాయి.

“ఒక్కసారేంట్రా, ఇది ఏడో అధిక మాసం.”