ఎనిమిది పళ్ళ పినియన్

"పదకొండు, తొమ్మిది, ఎనిమిది," అంటూ మేస్త్రి మూడు పినియన్లను, ఇరుసులో తిరిగే చిన్న పళ్ళచక్రాలను, బల్ల మీద వరసగా నిలబెట్టాడు. "ఇప్పుడు మీ బండిలో ఉన్నది ఈ పదకొండు పళ్ళది. పాత టైర్లకి సరిపోయింది. మీరేమో బండిని నాలుగంగుళాలు పైకి లేపి, ఏనుగు కాళ్ళలాంటి టైర్లు తగిలించారు. ఇంజను పాపం ఏం చేస్తుంది? ఎత్తు కనపడితే చాలు, ఉసూరుమంటుంది."

సర్వేయరు తలూపాడు. రాళ్ళ క్వారీల్లో కొలతలు తీసే ఉద్యోగం అతనిది. అంత ఎత్తు లేపకపోతే ఆ దారుల్లో బండి పొట్ట నేలకి రాసుకుంటుంది.

ముప్పయ్యేళ్ళుగా గేర్ల పని తప్ప మరొకటి ముట్టుకోని మేస్త్రిని ఆ వీధిలో అందరూ పళ్ళ డాక్టరంటారు. ఆయన నోట్లో మాత్రం నాలుగే మిగిలాయి.

"తొమ్మిది పళ్ళది వేస్తే టైర్లు మార్చకముందు ఎలా ఉండేదో అలా అవుతుంది. హాయిగా తొంభైలో పోవచ్చు. కళ్ళు మూసుకుని వేయించుకోండి."

"మరి ఎనిమిది?"

"అది బరువులు లాగేవాళ్ళకి. కొండలు బ్రహ్మాండంగా ఎక్కుతుంది. కానీ రోడ్డు మీద ఎనభై దాటితే ఇంజను గోలగోల చేస్తుంది. మీరు ఏం బరువు వేస్తారు?"

"ఏమీ లేదండీ. నేనూ, నా కొలత సామానూ."

"అయితే తొమ్మిదే."

"ఎనిమిదే వెయ్యండి డాక్టరుగారూ."

మేస్త్రి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. బండి వేగం తగ్గించమని అడిగినవాణ్ణి ఆయన ఇంతవరకు చూడలేదు.

"ఎక్కువ దూరం ఎప్పుడైనా వెళ్తారా?"

"నెలకోసారి. ఆఖరి శనివారం. మూడొందల అరవై కిలోమీటర్లు."

"అయ్యా, లెక్క చూడండి. తొమ్మిదితో నాలుగు గంటలు. ఎనిమిదితో నాలుగున్నర. అరగంట దండగ కదా!"

"పర్వాలేదు."

"అంత మెల్లగా పోవాలనుంటే కాలు కాస్త తగ్గించండి. దానికి గేర్లు మార్చడమెందుకు?"

"కాలు తగ్గిస్తే ఎందుకు తగ్గించావని అడుగుతారు. బండే పోదంటే ఎవరూ ఏమీ అనరు."

"ఎవరడుగుతారు?"

సర్వేయరు ఎనిమిది పళ్ళ పినియన్‌ను చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

మేస్త్రి నిట్టూర్చాడు. "ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ రెండింటికీ ఒకటే వెయ్యాలి. తర్వాత మనసు మార్చుకుంటే మళ్ళీ రెండూ విప్పాలి. నన్ను తిట్టుకోకూడదు మరి."

"తిట్టుకోను."

తాళంచెవి కోసం బండి తలుపు తీసినప్పుడు మేస్త్రికి పక్క సీట్లో బెల్టుతో బిగించిన చిన్నపిల్లల కుర్చీ కనపడింది. దాని మీద ఒక బొమ్మ కుందేలు.

"ఓహో, పాపా! ముందే చెప్పొచ్చుగా బాబూ. పిల్లని పక్కన పెట్టుకుని దూకుడుగా పోకూడదని మీ భయం. అంతేగా?"

సర్వేయరు నవ్వాడు.

రెండు రోజులు పట్టింది పని. మేస్త్రి కొత్త పళ్ళకి పసుపురంగు పూసి, చేత్తో తిప్పి, మచ్చ సరిగ్గా పంటి మధ్యలో పడేదాకా మూడుసార్లు విప్పి బిగించాడు. పాప ఉందని తెలిశాక ఇంకోసారి కూడా చూశాడు.

ఆఖరి శనివారం సర్వేయరు బడి హాస్టల్ ముందు బండి ఆపాడు. ఎనిమిదేళ్ళ కూతురు సంచి ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఎత్తు బండిలోకి ఎత్తి కూచోబెట్టి బెల్టు పెట్టాడు. ఇక మాటలే మాటలు. నాటకంలో తనకి చెట్టు వేషం ఇచ్చారట. కదలకుండా నిలబడాలట. సరిగ్గా రాజుగారు ఏడుస్తుంటే తుమ్మొచ్చిందట.

"చెట్లకి తుమ్ములొస్తాయా నాన్నా?"

"జలుబు చేస్తే వస్తాయేమో."

పాప పకపకా నవ్వింది. బస్సొకటి వాళ్ళని దాటిపోయింది. వెనకే చిన్న వ్యానొకటి.

"నాన్నా, అందరూ మనల్ని దాటేస్తున్నారు."

"కొత్త గేర్లమ్మా. మన బండి ఇంతే పోతుంది."

"మంచిదే. నా కథ ఇంకా చాలా ఉంది."

సగం దారిలో కొండ వచ్చింది. చెట్టు కథ నడుమ పాప నిద్రలోకి జారింది. చిట్టి చేయి గేరు రాడ్డు మీదున్న అతని చేతి మీద వాలింది. ఇంతకుముందు ఆ ఎత్తులో రెండుసార్లు గేరు మార్చాల్సి వచ్చేది. ఇప్పుడు బండి ఉన్న గేరులోనే గుర్రుమంటూ ఎక్కేసింది. అతను చేయి కదపలేదు.

ఇల్లు చేరేసరికి పాప వాళ్ళమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఇంత ఆలస్యమేంటి?"

"గేర్లు మార్పించాను. ఎనభై మించి పోవడం లేదు."

"పాతవే నయం కదా!"

"కొండ బాగా ఎక్కుతోంది."

ఆమె ఆ టైర్ల వంక ఓసారి చూసి, ఇక ఏమీ అనలేదు. "రామ్మా, భోజనం చల్లారిపోతోంది," అని కూతుర్ని పిలిచింది. పాప కుందేలుని చంకన పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. సర్వేయరు సంచి తెచ్చి మెట్టు మీద పెట్టాడు.

కోర్టు అతనికి పాపని ఇచ్చింది నెలకోసారి, ఆ దారి సాగినంతసేపే.