పట్టాల మీది రంపం

మూడో ప్లైవుడ్ షీటు కూడా పోయింది.

వడ్రంగి ఒక కన్ను మూసి, కోసిన అంచు వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. రెండు చివర్లూ బాగానే ఉన్నాయి. నడుమ మాత్రం పలకకు బొజ్జ వచ్చింది. వార్డ్‌రోబ్‌కు పక్క పలక అది, ఏడడుగుల పొడవు. ఆ అంచు గోడకు ఆనాలి. గోడ దాకా తీసుకెళ్లే మొహం కూడా లేక, ముందు పాడైన రెండింటి మీద దాన్నీ పడేశాడు.

"మేస్త్రీ, ఇది కూడానా?" ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఇక మిగిలింది ఒక్క షీటు. రేపు పొద్దున్నే సామాను దిగుతోంది. ఇదీ పాడైతే చెప్పండి, వేరేవాళ్లను పిలుచుకుంటాను."

"పాడవదమ్మా," అన్నాడు గానీ ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు.

బాల్కనీలో తాపీ కడుక్కుంటున్న బావమరిది తలెత్తాడు. ఈ ఇంటి గోడలకు సిమెంటు పూసింది అతనే. బావ కాలు జారితే ముందు నవ్వి, ఆ తర్వాత చెయ్యి అందించే రకం. ఇవాళ మాత్రం నవ్వలేదు.

"రంపం పాతబడింది బావా. మార్చెయ్యి."

"ఆడలేక మద్దెల ఓడు అనమంటావేంట్రా?" వడ్రంగి కుడిచెయ్యి చాపి చూసుకున్నాడు. "పట్టీ బిగించి, దానికి ఆనించి నడిపినా వంకర పోయిందంటే తప్పు రంపానిది కాదు. చెయ్యి వణుకుతోంది. మా నాన్నకూ ఇలాగే మొదలైంది."

ఆ పట్టీ బావమరిదిదే. గోడ మీద సిమెంటు సాపు చేసే ఎనిమిదడుగుల అల్యూమినియం పట్టీ. పొడుగు కోత పడ్డప్పుడల్లా వడ్రంగి దాన్నే అడిగి తీసుకుంటాడు.

"పట్టాల మీద నడిచే రంపాలు వచ్చాయంట," అన్నాడు బావమరిది ఎటో చూస్తూ. "చెయ్యి వణికినా కోత వణకదంట. పద, నేనూ వస్తా."

దారిలో వడ్రంగి నెమ్మదిగా అన్నాడు. "మీ అక్కకు చెప్పకు."

"ఏమని?"

"చెయ్యి పోయిందని."

"అన్నం కలిపేటప్పుడు వణకట్లేదుగా బావా?"

"అదేరా నా భయం. కూటికి బాగానే లేస్తోంది, పనికే రావట్లేదు."

షాపతను అట్టపెట్టె విప్పాడు. "దీన్ని ట్రాక్ సా అంటారండీ. ఇవి గైడ్ రైళ్లు."

"ముప్పై ఏళ్లు కాలినడకన వచ్చినవాణ్ణి. ఈ వయసులో రైలెక్కిస్తున్నారు," అని వడ్రంగి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

షాపతను ఒక ముక్క మీద పట్టా పరిచి, దాని అంచునున్న నల్ల రబ్బరు చూపించాడు. "మీ గీత మీద ఈ రబ్బరు పెట్టండి, కోత అక్కడే పడుతుంది. కావాలంటే కళ్లు మూసుకుని తోయండి."

వడ్రంగి నిజంగానే కళ్లు మూసుకుని తోశాడు. తెరిచి చూస్తే కోత దారం లాగి పట్టినట్టుంది. సంతోషించాల్సింది పోయి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంటే ఇన్నాళ్లూ వంకరంతా తన చేతిదేనని తేలిపోయింది.

"పెద్ద షీటుకైతే పట్టాలు రెండు కలపాలండీ."

"ఇచ్చెయ్యండి." బేరమాడలేదు. సంచిలోంచి పాత రంపం తీసి కౌంటరు మీద పెట్టాడు. "దీన్ని కూడా మీరే ఉంచుకోండి."

"పాతవి మేం కొనమండీ."

"ఊరికే ఉంచుకోండి బాబూ. కళ్లముందుంటే చూడలేను."

బావమరిది ఆ రంపాన్ని తన చంకలో పెట్టుకున్నాడు.

ఆఖరి షీటు. రెండు పట్టాలూ కలిపి, మూడుసార్లు కొలిచి, దేవుణ్ణి తలుచుకుని వడ్రంగి రంపం తోశాడు. ఇంటావిడ వంగి చూసి, "అబ్బ, ఎంత తిన్నగా వచ్చిందో!" అంది. పొద్దుటి నుంచి మొదటిసారి అతను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పలక ఎత్తి గోడకు ఆనించాడు.

పైన ఆనింది. కింద ఆనింది. నడుమ వేలు దూరేంత సందు.

తలకిందులు చేసి పెట్టాడు. అదే సందు.

"ఇంత మెషీను కొన్నాక కూడానా మేస్త్రీ?" ఇంటావిడ ఫోను తీసింది.

వడ్రంగి రంపపు పొట్టులోనే కూలబడ్డాడు. "చెయ్యి కాదమ్మా, నాకు కళ్లే పోయాయి. పిలుచుకోండి ఎవరినైనా. నేనిక ఈ పని చెయ్యను." అంటూ అంటూనే చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

బావమరిది ఇక చూడలేకపోయాడు. పొద్దున పాడైందని పడేసిన మూడో పలకను ఎత్తి, అదే గోడకు పెట్టాడు.

పైన ఆనింది. కింద ఆనింది. నడుమ ఉన్న బొజ్జ గోడలోకి ఒదిగిపోయింది. ఇంటావిడ తన చేతిలోని కొలతల కాగితం దూర్చబోతే, అది కూడా దూరలేదు.

"ఇదెలా రా?" వడ్రంగి ఏడుపు మరిచిపోయి నోరు తెరిచాడు.

బావమరిది అల్యూమినియం పట్టీ తెచ్చి బావ ఒళ్లో పెట్టాడు. తల మాత్రం ఎత్తలేదు.

"మద్దెలే ఓడు బావా. పోయిన నెల ఇటుకల బండి ఎక్కి వంగితే, కాలితో తొక్కి సరిచేశాననుకున్నా. ఈ గోడ కూడా దాంతోనే సాపు చేశా!"